కొత్త పోస్టు పది మంది కంట పడకముందే మునిగిపోతుంటే ఏం చెయ్యాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువాళ్ళ కోసం వార్తల సైటు నడుపుతున్నారు. ఎవరైనా లింకు పెట్టొచ్చు, మిగతావాళ్ళు ఓటేస్తారు. రోజుకి సుమారు 400 సందర్శనలు, 15 దాకా కొత్త పోస్టులు. పైకి వచ్చేవి ఎప్పుడూ ఆ నలుగురైదుగురివే, మిగతావి సున్నా ఓట్లతో అడుక్కి పోతున్నాయి. హ్యాకర్ న్యూస్, రెడ్డిట్ అని లింకులకి ఓట్లేసే పెద్ద సైట్లున్నాయి కదా, పోస్టుల్ని వరసలో పేర్చడానికి వాటిలో హ్యాకర్ న్యూస్ ఫార్ములా పెట్టారు, కుదరలేదు, రెడ్డిట్‌ది పెట్టమంటారా అని అడిగారు.

వద్దు. పెట్టినా ఇదే జరుగుతుంది. బరంపురంలో కూర్చుని ఇలాంటి చిన్న సైట్ల వెనక పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను, అందరూ మొదట ఫార్ములా మీదే పడతారు. ఓటు వెయ్యాలంటే ముందు ఆ పోస్టు కంట పడాలి కదా. మీ 15 పోస్టుల్లో ఒక్కొక్కటి ఎంతమంది కంట పడింది అన్న లెక్క మీ దగ్గర ఉందా? ప్రశ్నలో ఎక్కడా లేదు, బహుశా సైటులో కూడా లేదు. అది లేకుండా ఓట్లు మాత్రం లెక్కపెట్టడమంటే శుభలేఖలు పంచకుండా పెళ్ళికి ఎవరూ రాలేదని బాధపడటమే.

ముందు ఆ రెండు ఫార్ములాలూ మీ సైటులో ఎందుకు తన్నేస్తాయో చూద్దాం, ఎందుకంటే అవి చెడ్డవేం కాదు, వాటి ఊరు వేరు.

హ్యాకర్ న్యూస్‌ది అందరికీ తెలిసిందే. ఓట్లలోంచి ఒకటి తీసేసి (అది పెట్టినవాడి సొంత ఓటు), దాన్ని పోస్టు వయసుకి రెండు గంటలు కలిపి 1.8 ఘాతం వేసిన సంఖ్యతో భాగిస్తారు. ఇప్పుడు మీ సైటు అంకెలు పెట్టి చూడండి. గంట కిందట వేసిన పోస్టుకి సొంత ఓటు కాక ఇంకొక్క ఓటు పడితే స్కోరు 1 ని 7.2 తో భాగిస్తే వచ్చేది. 20 గంటల పోస్టు దానితో సమానంగా నిలబడాలంటే సొంత ఓటు కాక 36 ఓట్లు కావాలి. మీ సైటులో 36 ఓట్లు వచ్చిన పోస్టు ఎప్పుడైనా ఉందా? అంటే ఏమవుతుంది, పోస్టు వేసిన వెంటనే వాట్సాప్‌లో ఒక బావమరిదికి చెప్పి ఓటు వేయించుకోగలిగిన మనిషి నేరుగా మొదటి స్థానంలో కూర్చుంటాడు. ఆ ఒక్క ఓటూ లేనివాడికి భాగహారంలో పైన ఉండే అంకె సున్నా కాబట్టి ఎంత కొత్తదైనా స్కోరు సున్నాయే. ఆ నలుగురైదుగురు ఎవరో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది, వాళ్ళు గొప్పగా రాస్తారని కాకపోవచ్చు, వాళ్ళకి తొలి గంటలో ఓటేసే మనిషి ఉన్నాడంతే.

రెండో దెబ్బ రాత్రిపూట. మనవాళ్ళు సైటు చూసేది పొద్దున్న టీ వేళ, మళ్ళీ రాత్రి అన్నాలయ్యాక. రాత్రి 11 గంటలకి గుణుపురం నుంచి ఒకాయన పోస్టు పెట్టి పడుకుంటాడు. ఉదయం 6 గంటలకి దాని వయసు 7 గంటలు, భాగించే సంఖ్య 3.5 నుంచి 52 కి పెరిగింది, అంటే ఒక్క మనిషి కూడా చూడకుండానే ఆ పోస్టు బరువు పదిహేనో వంతుకి దిగిపోయింది. హ్యాకర్ న్యూస్‌కి ఈ ఇబ్బంది పెద్దగా లేదు, ఇక్కడ రాత్రయితే ఇంకో ఖండంలో పగలు, చూసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

రెడ్డిట్ హాట్ ఫార్ములా వాళ్ళ కోడ్ 2008లో బయటపెట్టినప్పటి నుంచి అందరూ వాడుకున్నారు. అందులో ఓట్లకి పది ఆధారంగా లాగరిథం తీసుకుని, దానికి పోస్టు వేసిన సమయాన్ని 45,000 సెకన్లతో భాగించి కలుపుతారు. 45,000 సెకన్లంటే పన్నెండున్నర గంటలు. పదిరెట్లు ఓట్లు తెచ్చుకున్న పోస్టు పన్నెండున్నర గంటల తరవాత వచ్చిన పోస్టుతో సమానంగా ఉంటుందన్నమాట. వేల ఓట్లు పడేచోట ఇది చక్కటి ఏర్పాటు. మీ దగ్గర బాగా ఆడిన పోస్టుకి 12 ఓట్లు అనుకుందాం, దాని లాగరిథం 1.08, అంటే మొత్తం సైటులో అతి మంచి పోస్టుకీ ఒక్క ఓటు పోస్టుకీ మధ్య తేడా పదమూడున్నర గంటలే. పేజీ దాదాపు తేదీల వరసలోనే నడుస్తుంది. దానికి ఫార్ములా ఎందుకు, కొత్తవి పైన అని పెట్టేస్తే సరి.

సరే, మరేం చెయ్యాలి. మొదటిది, గడియారం మార్చండి. పోస్టు వయసుని గంటల్లో కొలవొద్దు, అది వచ్చాక సైటుకి ఎన్ని సందర్శనలు వచ్చాయో దానితో కొలవండి. ప్రతి 20 సందర్శనలకి ఒక గంట గడిచినట్టు అనుకుంటే మీ రోజు 20 గంటలవుతుంది, రాత్రి ఒంటిగంట నుంచి ఐదు దాకా గడియారం దాదాపు ఆగిపోతుంది, పొద్దున్న ఏడుకి పరిగెడుతుంది. కరెంటు పోయిన సాయంత్రం, ఠాకురాణి జాతరకి బరంపురం మొత్తం రోడ్డు మీద ఉండే రోజులు, అన్నీ దానంతట అదే సర్దుకుంటాయి. నాలుగు లైన్ల మార్పు ఇది, నన్నడిగితే చిన్న సైటుకి దీనికి మించి లాభం ఇచ్చే మార్పు ఒక్కటే ఉంది, అది ఇప్పుడు చెప్పబోయేది.

ప్రతి కొత్త పోస్టుకీ కొన్ని కళ్ళు కోటా ఇవ్వండి. "కొత్తవి" అని విడిగా ఒక పేజీ పెట్టి చేతులు దులుపుకోవద్దు, అక్కడికి వెళ్ళేది పోస్టు పెట్టినవాళ్ళే, అదీ తమది వచ్చిందో లేదో చూసుకోడానికి. మొదటి పేజీలోనే రెండు చోట్లు, మూడోదీ ఎనిమిదోదీ అనుకోండి, కొత్తవాటికి వదిలెయ్యండి. ప్రతి సందర్శకుడికీ ఆ రెండు చోట్లా ఇంకా కోటా నిండని పోస్టుల్లోంచి చెరొకటి వస్తుంది, ఆయన ఇంతకు ముందు చూసింది కాకుండా. మీ అంకెలతో లెక్క సరిపోతుంది: 400 సందర్శనలకి రెండేసి చోట్లు, మొత్తం 800. పదిహేను పోస్టులకి పంచితే ఒక్కోదానికి 53. కోటా 40 పెట్టుకోండి, మిగిలినవి ఎందుకు కావాలో తరవాత చెప్తాను.

కంట పడటం అంటే పేజీ లోడయితే లెక్క కాదు. ఫోన్ తెర మీద నాలుగైదు పోస్టులే కనపడతాయి, ఎనిమిదోది చూడాలంటే వేలు కదపాలి. బ్రౌజర్‌లో ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ అని ఉంటుంది, పోస్టు సగానికి పైగా తెర మీదకి రాగానే అది చెప్తుంది, దానికి ఒక టైమరు జోడించి ఒక సెకను నిలిస్తేనే ఒకటి కలపొచ్చు. మూడో చోటు లెక్కా ఎనిమిదో చోటు లెక్కా విడివిడిగా దాచండి, పైన ఉన్నదానికి ఎప్పుడూ ఓట్లు ఎక్కువ పడతాయి, రెండూ ఒకే సంచిలో పోస్తే లెక్క చెడుతుంది.

కోటా నిండాక ఏ పోస్టు ఉండాలి, ఏది పోవాలి? ఓట్లను కంట పడ్డ సంఖ్యతో భాగించండి. అయితే ఉత్త భాగహారం చాలదు, ఇద్దరు చూసి ఇద్దరూ ఓటేస్తే నూటికి నూరు అని పైన కూర్చుంటుంది. దీనికి 1927లో ఎడ్విన్ విల్సన్ అనే ఆయన ఇచ్చిన సూత్రం ఉంది, రెడ్డిట్ 2009 నుంచి వ్యాఖ్యలను "బెస్ట్" వరసలో పేర్చడానికి వాడింది ఇదే. చూసినవాళ్ళు కొద్దిమందే అయితే అసలు విలువ కనీసం ఎంత ఉండొచ్చో జాగ్రత్తగా తక్కువ వేసి చెప్తుంది. ఉదాహరణకి 30 మంది చూసి 6 ఓట్లు పడ్డ పోస్టుకి 0.095 వస్తుంది, 300 మంది చూసి 20 ఓట్లు పడ్డదానికి 0.044. ఇప్పుడున్న పద్ధతిలో రెండోది ఓట్లు ఎక్కువ కాబట్టి పైన ఉంటుంది, నిజానికి మొదటిదే జనానికి ఎక్కువ నచ్చింది.

ఇక్కడ చాలామంది ఒక చోట పట్టు తప్పుతారు. ఈ కనీస విలువ (విల్సన్ కింది హద్దు అంటారు) మొదటి పేజీ అసలు వరసకి బాగుంటుంది, కొత్తవాటి కోటా చోట్లకి మాత్రం పనికిరాదు. కొద్దిమంది చూసిన ప్రతిదాన్నీ అది కిందికే నెడుతుంది, మనకి కావలసింది సరిగ్గా దానికి ఎదురు. ఆ రెండు చోట్లలో ఏది చూపించాలో తేల్చడానికి థాంప్సన్ పద్ధతి వాడండి, 1933 నాటిది. ప్రతి పోస్టుకీ దాని ఓట్లూ చూపులూ బట్టి ఒక సంభావ్యత వక్రం ఉంటుంది, దాంట్లోంచి చీటీ తీసినట్టు ఒక అంకె తీస్తారు, పెద్ద అంకె వచ్చిన పోస్టు ఈసారి కనపడుతుంది. ఎవరూ పెద్దగా చూడనిదాని వక్రం వెడల్పుగా ఉంటుంది కాబట్టి దానికి తరచూ పెద్ద అంకె వస్తుంది, బాగా చూశాక కూడా ఓట్లు పడనిది మెల్లగా పక్కకి తప్పుకుంటుంది. పైథాన్‌లో ఒకే లైను, బీటా డిస్ట్రిబ్యూషన్ కోసం చూడండి. దానికి మొదలుపెట్టే రెండు అంకెలు (ఓటేసినవాళ్ళు, వెయ్యనివాళ్ళు) మీ సైటు సగటు బట్టి వెయ్యండి, సగటున 20 మందిలో ఒకరు ఓటేస్తుంటే ఒకటి, పంతొమ్మిది.

ఇందాక 40 అని మిగిలినవి దాచమన్నాను కదా. మంచి పోస్టే, చూసిన 20 మందిలో ఒకరికి నచ్చేదే అనుకోండి, 40 మంది చూసినా ఒక్క ఓటూ పడకపోయే అవకాశం నూటికి పదమూడు ఉంది. పాపం దాని తప్పేం లేదు, ఆ నలభై మంది ఆ వేళకి తొందరలో ఉన్నారంతే. కాబట్టి మిగిలిన చూపుల్లోంచి మర్నాడు రెండో అవకాశం ఇవ్వండి, ఒక్కసారే. హ్యాకర్ న్యూస్‌లో కూడా ఇది చేత్తో చేస్తారు, మంచివై ఉండీ మునిగిపోయిన పాత పోస్టులను మోడరేటర్లు ఏరి మొదటి పేజీ కింది భాగంలో మళ్ళీ పెడతారు. మీ సైటులో వారానికి వంద పోస్టులే, ఒక మనిషి సాయంత్రం పావుగంట కూర్చుంటే చాలు. అల్గారిథమే అంతా చెయ్యాలన్న పట్టుదల వద్దు.

ఓట్ల సంఖ్యని మొదట్లో దాచెయ్యండి, కనీసం కోటా నిండేదాకా. దీని మీద నాకు అనుమానమే లేదు. 2013లో సైన్స్ పత్రికలో ముచ్నిక్, ఆరల్, టేలర్ ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక వార్తల సైటులో లక్షకి పైగా వ్యాఖ్యలు తీసుకుని, కొన్నిటికి యాదృచ్ఛికంగా ఒక్క దొంగ ఓటు వేశారు. ఆ ఒక్క ఓటు వల్ల చివరి రేటింగు సగటున 25 శాతం పెరిగింది. దొంగగా వేసిన వ్యతిరేక ఓటుని మాత్రం జనం సరిదిద్దేశారు. అంతకు ముందు 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ 48 పాటలతో ఎనిమిది విడివిడి లోకాలు కట్టి చూశారు, ఎవరి లోకంలోవాళ్ళకి ఆ లోకం డౌన్‌లోడ్ లెక్కలే కనపడతాయి. మరీ మంచివి అరుదుగా ఓడాయి, మరీ చెత్తవి అరుదుగా గెలిచాయి, మధ్యలోవి మాత్రం ఒక లోకంలో పైకీ ఇంకోదాంట్లో అడుక్కీ. మీ సైటులో పోస్టులు ఎక్కువ భాగం ఆ మధ్యలోవే.

ఓటు ముఠాల సంగతి. వాట్సాప్ గ్రూపులో లింకు పడేసి "మనవాడి పోస్టు, ఓటెయ్యండి" అనేవాళ్ళను పట్టుకోవాలని ఐపీ అడ్రసుల వెంట పడొద్దు. మొబైల్ నెట్‌వర్కుల్లో ఎంతోమంది ఒకే ఐపీ వెనక ఉంటారు, పర్లాకిమిడిలో సగం మందిని తెలీకుండా నిషేధిస్తారు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. పైన చెప్పిన పద్ధతిలో దీనికి మందు ఉంది: సైటు పేజీ వరసలో కంట పడి అక్కడ్నుంచి వేసిన ఓటునే ర్యాంకింగుకి లెక్కెయ్యండి. నేరుగా లింకు మీద వచ్చి వేసిన ఓటు పోస్టు దగ్గర కనపడుతుంది, వరసలో దానికి బరువు లేదు. ఎవరినీ నిందించక్కర్లేదు, గొడవ కూడా రాదు.

ఇక మన ప్రాంతానికే పట్టిన పేచీలు రెండున్నాయి.

ఒకటి, ఒకే వార్త మూడు లింకులుగా వస్తుంది, ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి, యూట్యూబ్‌లో ఒకటి. ఓట్లు మూడుగా చీలిపోతాయి, మూడూ మునుగుతాయి. కలపాలంటే ఊరి పేర్లు పట్టుకోవాలి, అక్కడే చిక్కంతా. బరంపురం, బ్రహ్మపూర్, బెర్హంపూర్ ఒకటే ఊరు. పర్లాకిమిడి, పర్లాఖెముండి ఒకటే. రాయగడ మాత్రం మన ఒడిశా జిల్లా, రాయ్‌గఢ్ ఛత్తీస్‌గఢ్‌లో ఒకటుంది, మహారాష్ట్రలో రాయ్‌గడ్ ఇంకోటి, ఇవి కలిపేస్తే నవ్వులపాలవుతాం. ఊళ్ళ పేర్లకి ఒక పట్టిక చేత్తో రాసుకోండి, ఒక పూట పని. అదే ఊరు, అదే రోజు, శీర్షికలో రెండు మూడు మాటలు కలిస్తే "ఇది ముందే వచ్చింది, అక్కడ చేర్చమంటారా" అని పోస్టు పెట్టేటప్పుడే అడగాలి. గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు తెలుగు, మరాఠీ కలిపి సైటు నడిపే ఒక మిత్రుడు ఇదే పద్ధతి పెట్టుకున్నాడు, అక్కడా ఇదే గోల.

రెండు, అన్ని వార్తలకీ ఒకే వేగంతో వయసు రాదు. గుణుపురం ప్యాసింజర్ ఈరోజు ఆలస్యం అన్న పోస్టు మధ్యాహ్నానికి చచ్చిపోవాలి. తెలుగు మీడియం బడిలో టీచర్ పోస్టుల ప్రకటన గడువు తేదీ దాకా బతకాలి. నౌపడా–గుణుపురం చిన్న రైలు చరిత్ర మీద ఎవరో ఓపిగ్గా రాసిన వ్యాసం వారం ఉన్నా ఎవరికీ నష్టం లేదు. పోస్టు పెట్టేటప్పుడు మూడు రకాల్లో ఒకటి ఎంచుకోమనండి, వయసు మీద వేసే ఘాతం 1.8 బదులు రకాన్ని బట్టి మారుతుంది. తుఫాను హెచ్చరికలు, వంశధార వరద సమాచారం మాత్రం అసలు ఓట్ల జోలికి రాకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది తెల్లవారుజామున, గజపతి జిల్లా అంతా నీళ్ళు. అలాంటి రాత్రి ఓటేసే తీరిక ఎవరికుంటుంది? అధికారిక హెచ్చరికని అడ్మిన్ పైన అంటించాలి, గడువు సమయం కూడా రాయాలి, ఆ వేళకి దానంతట అది దిగిపోవాలి. నిన్నటి తుఫాను హెచ్చరిక ఈరోజు కూడా పైనే వేలాడే సైటుని రెండోసారి ఎవడూ నమ్మడు.

ఒడిశా, ఆంధ్ర రెండూ మావే అనే కొటియా గ్రామాల సరిహద్దు తగాదా లాంటి పోస్టులకి వ్యాఖ్యలు కుప్పలుగా వస్తాయి, ఓట్లు తక్కువ. వ్యాఖ్యల సంఖ్యని ర్యాంకింగులో కలిపితే సైటు నిండా పొట్టేళ్ళ పందెమే. కలపొద్దు. మరీ వేడెక్కితే కొంచెం కిందికి దించండి, హ్యాకర్ న్యూస్‌లోనూ ఆ ఏర్పాటుంది. క్లిక్కులు కూడా కలపొద్దు, "ఏం జరిగిందో తెలిస్తే షాకవుతారు" గాళ్ళు రాజ్యమేలతారు. లాగిన్ అవ్వని పాఠకులు ఎక్కువైతే చివరిదాకా చదివారా, ఎవరికైనా పంపారా అన్నవి అర ఓటు కింద తీసుకోవచ్చు.

ఒకే మనిషివి రెండు పోస్టులు మొదటి పది స్థానాల్లోకి వస్తే రెండోదాని స్కోరుని 0.7 తో గుణించండి. ఆ నలుగురైదుగురి పెత్తనం దీంతోనే సగం తగ్గుతుంది, వాళ్ళకి కోపం వచ్చేంత కూడా తెలీదు. ఒక హెచ్చరిక మాత్రం, వాళ్ళని పొమ్మనేలా ఏమీ చెయ్యకండి. 2010లో డిగ్ అనే ఇలాంటి ఓట్ల సైటు కొత్త వెర్షన్ తెచ్చి, ప్రచురణ సంస్థల వార్తలు నేరుగా వచ్చిపడేలా చేసి, పాత సభ్యుల చేతిలో ఉన్న పనిముట్లు తీసేసింది, జనం మూకుమ్మడిగా రెడ్డిట్‌కి వెళ్ళిపోయారు. రోజూ పోస్టులు పెట్టేవాళ్ళే మీ సైటుకి తిండి.

ఫలితం ఎలా చూస్తారంటే, మొత్తం క్లిక్కులు చూడకండి, అవి మొదట్లో తగ్గొచ్చు కూడా, మంచి చోట్లు రెండు కొత్తవాళ్ళకిచ్చారు కదా. చూడాల్సినవి రెండే: వచ్చిన పోస్టుల్లో ఎన్నిటికి మొదటి రోజే 40 చూపులు పూర్తయ్యాయి, మొదటిసారి పోస్టు పెట్టినవాళ్ళలో ఎంతమంది నెలలోపు రెండోది పెట్టారు. మొదటిది ఎవరూ చూడలేదని తెలిసిన మనిషి రెండోది పెట్టడు, మీ సమస్యకి వేరు అక్కడే ఉంది. అందుకే పోస్టు పెట్టినాయనకి "మీది 43 మంది చూశారు, ఇద్దరికి నచ్చింది" అని మర్నాడు ఒక కబురు వెళ్ళేలా పెట్టండి.

అన్నీ ఒకేసారి మార్చొద్దు. ఈ వారం కంట పడ్డ లెక్క ఒక్కటే పెట్టి, ర్యాంకింగు ముట్టుకోకుండా వదిలెయ్యండి. వచ్చే వారం గడియారం, ఆ తరవాత కోటా చోట్లు. మొదటి వారం లెక్కలు వచ్చాక పోస్టు వారీగా చూపులు, ఓట్లు రెండు వరసలు ఇక్కడే పెట్టండి, బీటాకి మొదలు అంకెలు ఏం వెయ్యాలో, రకాల ఘాతాలు ఎంత పెట్టాలో వాటిని చూసి చెప్తాను.